1913 మోడల్ టీ రోడ్‌స్టర్ కిట్, 1/24: ఏ రంగు వెయ్యాలి, ఎంత మెరవాలి?

చిన్నచక్రం
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ప్లాస్టిక్ బొమ్మ ట్యాంకులూ విమానాలే చేశా, కారు కిట్ పట్టుకోవడం ఇదే మొదలు. ఫోర్డ్ మోడల్ టీ, 1913 రోడ్‌స్టర్ (పైకప్పు మడిచే రెండు సీట్ల బండి), 1/24 స్కేలు, అంటే అసలు బండిలో 24వ వంతు. ట్యాంకుతో ఉన్న సుఖం ఏంటంటే ఎక్కడైనా తేడా వస్తే కాస్త బురద పూసేస్తే సరి, అందం ఇంకా పెరుగుతుంది, కారుకి ఆ ఛాన్స్ లేదు కదా, బాడీ మీద ఒక్క నూగు పడ్డా కళ్ళకి అదే కొడుతుంది. డబ్బా తెరిచి స్ప్రూలన్నీ (ముక్కలు అతుక్కుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు) సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టా, ఇంకా కత్తి పెట్టలేదు. ముందు మీ అందర్నీ అడిగి మొదలెడదామని. బాడీకి మంచి ఎరుపు, ఫెండర్లకి (చక్రాల మీది మడ్‌గార్డులు) నలుపు కొడదామనుకుంటున్నా, ఎలా ఉంటుంది? రేడియేటర్, దీపాలు ఇత్తడివి కదా, వాటికి గోల్డ్ రంగు సరిపోతుందా? ఇంకోటి, క్లియర్ కోట్ (పైన వేసే రంగులేని పొర) కొట్టి పాలిష్ పెట్టి అద్దంలా మెరిపించాలా లేక మామూలుగా వదిలెయ్యాలా? ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) ఉంది, డబుల్ యాక్షన్, 0.3 నాజిల్.

కొత్తపిన్ను
మోడల్ టీ అంటే నలుపే కదా బ్రో. ఏ రంగైనా తీసుకోండి, అది నలుపైతే చాలు అన్నాడు కదా ఫోర్డు. ఇంత ఆలోచన దేనికి, నల్ల స్ప్రే డబ్బా ఒకటి కొట్టి పక్కన పెట్టెయ్ 😀

పాతబండి
ఆ మాట అందరికీ గుర్తే, సంవత్సరం మాత్రం ఎవరికీ గుర్తుండదు. టీ 1908లో వచ్చింది, 1927 దాకా తయారైంది, మొత్తం కోటిన్నర బళ్ళు. నలుపు తప్ప ఇంకోటి లేదు అన్న కాలం 1914 నుంచి 1925 వరకే. అంతకుముందు బూడిద, ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉండేవి, అందులోనూ ఎరుపు టూరింగ్ బళ్ళకి, బూడిద టౌన్ కార్లకి. 1912 వచ్చేసరికి వీటన్నిటినీ తీసేసి మిడ్‌నైట్ బ్లూ ఒక్కటే పెట్టారు, ఫెండర్లు నలుపు. అంటే చిన్నచక్రం తమ్ముడూ, నీ డబ్బా మీద 1913 రోడ్‌స్టర్ అని ఉంటే ఫ్యాక్టరీ లెక్కన అది ఎరుపూ కాదు, కొత్తపిన్ను చెప్పిన నలుపూ కాదు, నలుపు అనిపించే నీలం.

ఎరుపు వేసుకుంటే ఎవరూ అరెస్ట్ చెయ్యరు, బయట తిరిగే రెస్టోర్ చేసిన బళ్ళలోనే రకరకాల రంగులు కనిపిస్తాయి. కానీ పాత కారు కిట్‌లో అసలు మజా అంతా ఆ ఏడాదిని పట్టుకోవడంలోనే ఉందని నా పిచ్చి. ముందు ఏడాది ఖాయం చేసుకో, తర్వాతే రంగు సీసా మూత తియ్యి. రంగు, దీపాలు, టైర్లు, మెరుపు అన్నీ దాని వెనకే వస్తాయి.

చిన్నచక్రం
వామ్మో, నేను డబ్బా మీద బొమ్మ చూసి రంగు ఎంచుకుంటున్నా. సరే నీలమే ఫిక్స్. కానీ మిడ్‌నైట్ బ్లూ కొడితే 1/24లో నల్లగానే కనిపించదా? పక్కన నల్ల ఫెండర్లు పెడితే రెండూ కలిసిపోతాయేమో.

తడిపొర
కలిసిపోతాయి, కచ్చితంగా. అసలు కారు రంగు చిప్ తెచ్చి అదే షేడు చిన్న బొమ్మకి కొడితే ఇంకా ముదురుగా కనిపిస్తుంది, అందుకే స్కేల్‌ని బట్టి కొంచెం లేత చెయ్యాలి. తెల్లరంగు కలపకు, సుద్ద కొట్టినట్టు అయిపోతుంది, మామూలు నీలమే కొద్దికొద్దిగా కలుపుతూ ప్లాస్టిక్ చెంచా వెనక వైపు కొట్టి చూడు. ఆ చెంచా పక్కన నల్లరంగు కొట్టిన ఇంకో చెంచా పెట్టి కిటికీ వెలుతురులో ఒకసారి, ట్యూబ్‌లైట్ కింద ఒకసారి చూసుకో. రెండు చోట్లా తేడా తెలిస్తే అదీ నీ రంగు. నల్ల ఫెండర్లకి కూడా జెట్ బ్లాక్ వద్దు, చుక్క బ్రౌన్ కలుపు, అప్పుడు నీలం నీలంలా నిలబడుతుంది.

ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, బూడిద రంగుది వాడు. ఇంత ముదురు రంగుకి తెల్ల ప్రైమర్ వేస్తే అంచుల్లో పల్చబడ్డచోట తెలుపు బయటపడుతుంది.

కత్తిపదును
రంగు గురించి తర్వాత కొట్టుకోండి, ముందు బండి నిలబడాలి కదా. తమ్ముడూ ట్యాంకులు చేసినవాడివి కాబట్టి సీమ్ లైన్లు (అచ్చు అతుకు గీతలు) గీకడం, ఎజెక్టర్ పిన్ గుంతలు (అచ్చు నుంచి తోసిన గుర్తులు) నింపడం నీకు చెప్పక్కర్లేదు. కారులో తేడా ఎక్కడంటే ట్యాంకులో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఏం కాదు, కారులో నాలుగు చక్రాలూ నేలకి ఆనకపోతే టేబుల్ మీద పెట్టగానే చూసినవాడికి తెలిసిపోతుంది. టీ ఫ్రేమ్ సన్నటి నిచ్చెన లాంటిది, స్ప్రూ నుంచి తీసేటప్పుడే మెలి తిరుగుతుంది. గాజు పలక ఒకటి కింద పెట్టుకుని దాని మీదే ఫ్రేమ్, రెండు యాక్సిల్స్ అతికించు, జిగురు పూర్తిగా గట్టిపడేదాకా పైన బరువు పెట్టి వదిలెయ్.

ఇంకోటి, అసలు బండి వీల్‌బేస్ (ముందు వెనక యాక్సిల్స్ మధ్య దూరం) 100 అంగుళాలు, అంటే 2540 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 105.8 వస్తుంది. యాక్సిల్స్ జిగురు ఆరకముందే స్కేలు పెట్టి రెండు వైపులా కొలువు, ఎడమా కుడీ తేడా వస్తే అప్పుడే సర్దుకోవచ్చు.

చక్రాల టైర్లు కలిపెయ్యకు. అప్పటి టీలకి ముందు 30×3, వెనక 30×3½ టైర్లు, అంగుళాల్లో ఎత్తు, లావు. కిట్‌లో ఈ తేడా ఇచ్చి ఉంటే చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, వెనకవి కొంచెం లావు అంతే. స్ప్రూ నంబరు చూసుకుని వేరువేరు డబ్బాల్లో వేసుకో.

చిన్నచక్రం
ఫెండర్లు, బాడీ ముందే అతికించి కలిపి రంగు కొట్టాలా, విడివిడిగానా? విమానం అయితే మొత్తం అతికించాకే కదా రంగు.

కత్తిపదును
ఇక్కడ ఉల్టా. ఫ్రేమ్, ఇంజిన్, ఫెండర్లు రన్నింగ్ బోర్డులు, బాడీ, సీట్లు, గుడ్డ టాపు, చక్రాలు, ఇలా విడివిడి ముక్కలుగా రంగులు వేసి చివర్లో కలుపుతారు. కానీ రంగు వెయ్యకముందే మొత్తం బండిని టేపుతో, బ్లూ ట్యాక్‌తో (అంటించి తీసేసే మెత్తని ముద్ద) ఒకసారి నిలబెట్టి చూడాలి. బానెట్ పక్కరేకులు బాడీకి సరిగ్గా కూర్చోవు చాలా కిట్లలో, రంగు మందం కలిశాక అస్సలు కూర్చోవు. ఇప్పుడే పిన్నుల వెంట కొద్దిగా గీకి ఖాళీ చేసి పెట్టుకో. జిగురు తగిలే చోట్ల రంగు పడకుండా టేపు ముక్కలు అంటించి పెట్టు, లేకపోతే మెరిసే రంగుని మళ్ళీ గీకాల్సి వస్తుంది, అప్పుడు ప్రాణం పోతుంది.

ఎనామెల్‌ప్రేమి
మీరందరూ ఎయిర్‌బ్రష్ ఎయిర్‌బ్రష్ అంటారు గానీ ఆ కాలం బళ్ళకి స్ప్రే గన్ ఎక్కడిది. గుర్రపు బగ్గీలకి వేసినట్టే ఆయిల్ రంగులు, వార్నిష్ బ్రష్‌తో వేసేవాళ్ళు. నేను పాత బళ్ళన్నిటికీ ఎనామెల్ (మెల్లగా ఆరే రంగు), వెడల్పు మెత్తని బ్రష్, పల్చగా మూడు కోట్లు, అంతే. దగ్గరగా చూస్తే బ్రష్ పోయిన దారి లీలగా కనిపిస్తుంది, నాకు అదే అందం.

తడిపొర
అన్నా మీ బ్రష్ పని చూశాను, దానికి దండం. కానీ లీలగా కనిపించే ఆ గీతని 24తో గుణించి చూడండి, అసలు బండి మీద అది కంటికి కొట్టే గాడి అవుతుంది. రంగు మందం కూడా అంతే, 0.1 మిల్లీమీటరు మందంగా వేస్తే అసలు సైజులో 2.4 మిల్లీమీటర్లు. తలుపు గీతలూ బానెట్ కీలూ మూసుకుపోయేది ఇందుకే.

పాతబండి
ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ సగమే. ఖరీదైన బళ్ళకి కోటు మీద కోటు, మధ్యలో రాతిపొడితో రుద్దుడు, పైన వార్నిష్, ఇదంతా అయ్యేసరికి వారాలు పట్టేది, అవి కొత్తలో బ్రహ్మాండంగా మెరిసేవి కూడా. త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లాకర్ వచ్చాకే ఆ ఆలస్యం తగ్గింది, డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో 1923లో, దాన్ని మొదట వేసింది 1924 ఓక్‌లాండ్ మీద. కానీ టీ చవక బండి. అంత తీరికగా రుద్దే టైమ్ దానికి ఎవరూ ఇవ్వలేదు. అందుకే 1913 టీ మెరుస్తుంది గానీ అందులో ముఖం చూసుకునేంత కాదు. ఇప్పుడు షోల్లో కనిపించే రెస్టోర్ చేసిన బళ్ళు చూసి అప్పుడూ అలాగే ఉండేది అనుకుంటాం, వాటి మీద ఉన్నది ఈ కాలపు పెయింటు, ఈ కాలపు పాలిషు.

చిన్నచక్రం అడిగిన దానికి నా జవాబు: క్లియర్ కోట్ ఒకటి చాలు, మైనం రుద్దిన బల్లంత మెరుపు వచ్చాక ఆపు.

రంగులరాట్నం
నేను ఒప్పుకోను. మోడల్ అంటే షెల్ఫ్‌లో పెట్టుకుని మురిసిపోవడానికి. 4000 నంబరు సాండ్ పేపరు నుంచి మొదలెట్టి 12000 దాకా తడి సాండింగ్, తర్వాత మూడు పాలిష్ కాంపౌండ్లు, కోర్స్, ఫైన్, ఫినిష్. నా కార్లు అన్నీ అలాగే. ఇంత కష్టపడి మెరుపు తగ్గించుకోవడం ఏంటో.

పాతబండి
1950ల బండికి నువ్వు చెప్పింది బంగారం లాంటి మాట. 1913 దానికి వద్దంటున్నా. అంతెందుకు, 1920ల నాటి 4½ లీటర్ బెంట్లీ కార్లలో చాలావాటికి బాడీ మీద రేకే ఉండదు, చెక్క ఫ్రేమ్ మీద గుడ్డ, రెక్సిన్ లాంటిది సాగదీసి కొట్టింది. దాన్ని తీసుకొచ్చి ఆకుపచ్చ అద్దంలా పాలిష్ చేసినవి ఎన్ని చూశానో. అది శాటిన్‌లో (సగం మెరుపు) ఉండాలి, బానెట్ మాత్రం రేకు కాబట్టి కాస్త మెరవొచ్చు. ఆ రెండిటి తేడా చూపించగలిగితే పాలిష్ కాంపౌండు కన్నా ఎక్కువ పేరొస్తుంది.

రంగులరాట్నం
నా షెల్ఫ్‌లో ఉన్న బెంట్లీ ఫొటో ఇంక ఇక్కడ పెట్టను 😄

రేకుదీపం
ఇత్తడి దగ్గరికొద్దాం, ఇందాకటి నుంచి దీని కోసమే ఆగా. గోల్డ్ రంగు సీసా వద్దే వద్దు. గోల్డ్‌లో ఎరుపు ఛాయ ఉంటుంది, ఇత్తడిలో కాస్త ఆకుపచ్చ పసుపు. పైగా బ్రష్‌తో వేస్తే రేణువులు కనిపించి గరుకుగా ఉంటుంది. నేను చేసేది ఇది: కిట్‌లో క్రోమ్ పూత పూసిన ముక్కలు ఉంటే వాటి మీద నేరుగా క్లియర్ యెల్లో, టమియా కంపెనీ ఎక్స్-24, అందులో క్లియర్ ఆరెంజ్ ఎక్స్-26 ఒకటి రెండు చుక్కలు, ఎయిర్‌బ్రష్‌తో చాలా పల్చగా. ఒక్కో పొరకి రంగు ముదురుతూ వస్తుంది, కావల్సిన చోట ఆపెయ్. క్రోమ్ పూత లేకపోతే గ్లాస్ బ్లాక్ వేసి బాగా ఆరనిచ్చి దానిమీద ఆల్‌క్లాడ్ క్రోమ్ (లోహంలా మెరిసే రంగు), దాని పైన ఇదే పసుపు. కింద నలుపు ఎంత నున్నగా ఉంటే పైన లోహం అంత లోహంలా ఉంటుంది, నలుపు మీద దుమ్ము ఉంటే ఆ దుమ్ముకి కూడా క్రోమ్ పట్టి ఇంకా బాగా కనిపిస్తుంది.

మోలోటో క్రోమ్ పెన్ను కూడా బాగుంటుంది సన్నటి అంచులకి, కానీ అది ఆరినట్టు కనిపిస్తుంది తప్ప ఆరదు, రోజుల తరబడి వేలు పెట్టకూడదు, పైన ఏదైనా కొడితే తొందరపడితే బూడిద రంగులోకి దిగిపోతుంది.

రేడియేటర్ టీ బళ్ళకి 1916 దాకా ఇత్తడే, కాబట్టి నీకు నప్పుతుంది. దీపాల విషయంలో కాస్త ఆగు. 1913కి వచ్చేసరికి దీపం బాడీ నల్లరంగు వేసిన ఉక్కు, అంచులూ పై మూతా మాత్రం ఇత్తడి. మొత్తం పసుపు కొట్టేస్తే బండి రెండేళ్ళు వెనక్కి పోతుంది.

చిన్నచక్రం
ఇదెవరూ చెప్పరు డబ్బాలో. రన్నింగ్ బోర్డు మీద ఒక డబ్బా లాంటిది ఉంది, దానికి పైపు వచ్చి ముందు దీపాలకి వెళ్తోంది, అదేంటి? బ్యాటరీనా?

పాతబండి
బ్యాటరీ కాదు, గ్యాస్ జనరేటర్. కింద కాల్షియం కార్బైడ్ ముక్కలు, పైన నీళ్ళు, చుక్కచుక్కగా పడుతుంటే ఎసిటిలిన్ గ్యాస్ పుడుతుంది, అది రబ్బరు గొట్టంలో హెడ్‌లైట్లకి పోతుంది, అగ్గిపుల్లతో వెలిగించాలి. పక్క దీపాలూ వెనక దీపమూ కిరోసిన్‌వి. టీకి కరెంటు హెడ్‌లైట్లు వచ్చింది 1915లో. అందుకే నీ హెడ్‌లైటు లోపల బల్బు పెట్టకు, మధ్యలో చిన్న బర్నరు ఉంటుంది, వెనక వెండి అద్దం.

కత్తిపదును
ఆ గొట్టాన్ని కిట్‌లో ఇచ్చిన లావు ప్లాస్టిక్ ముక్కతో చెయ్యకు తమ్ముడూ, సన్న సీసం తీగ తీసుకుని వంచుకో, మాట వింటుంది. ప్లగ్ వైర్లకి 0.3 రాగి తీగ, 24తో గుణిస్తే 7.2, అసలు ప్లగ్ వైరు లావు కూడా దాదాపు అంతే.

తడిపొర
కోట్లు ఎలా వెయ్యాలో చెప్పి పోతా. లాకర్ రంగు అయితే థిన్నర్‌తో పాలలా పల్చన చేసి, ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్ఐ, బాడీకి 10 సెంటీమీటర్ల దూరం. మొదట రెండు మంచు పొరలు, అంటే రంగు పట్టీ పట్టనట్టు, అవి తాకితే అంటుకోనంత ఆరాక తడి పొర. తడి పొర అంటే వెలుగులో చూస్తే కొడుతున్న గీత వెంట తడి మెరవాలి, కారకూడదు. దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే సగం ఆరిపోయి బాడీ మీద ఇసకలా పడుతుంది, నారింజ తొక్కలాంటి గరుకు వచ్చేది అందుకే. మాస్కు మామూలుది కాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది పెట్టుకో, కిటికీ తెరిచి.

ఒకటి గుర్తుపెట్టుకో, ఎనామెల్ మీద లాకర్ కొట్టకు, కింద రంగు ముడతలు పడుతుంది. లాకర్ మీద ఎనామెల్ పర్లేదు.

చిన్నచక్రం
రంగు అయ్యింది, చెంచాలు ఒక డజను పాడుచేశాక నీలం దొరికింది. బాడీ బాగా వచ్చింది, కానీ ఫెండర్ల నలుపు మీద తెల్లటి పొగ పట్టినట్టు మబ్బుగా ఉంది. కొట్టినప్పుడు మెరిసింది, నేను చూస్తుండగానే మసకబారిపోయింది. వర్షం పడుతోంది బయట. రంగు చెడిపోయిందా?

తడిపొర
రంగు చెడిపోలేదు, దాన్ని బ్లష్ అంటారు. లాకర్ థిన్నర్ చాలా వేగంగా ఎగిరిపోతుంది, ఎగిరేటప్పుడు ఆ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి పొర మీద నీరు పట్టి రంగులో ఇరుక్కుపోతుంది. నలుపు మీద ఎక్కువ కనిపిస్తుంది, నీలం మీద కూడా ఉండొచ్చు కానీ కళ్ళకి తెలియదు. గీకక్కర్లేదు. తేమ తగ్గిన రోజు చూసి, లెవలింగ్ థిన్నర్‌లో రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కొద్దిగా కలిపి రంగు లేకుండా ఒట్టి థిన్నరే ఒక పల్చటి పొగ కొట్టు. పైపొర మళ్ళీ కరిగి తేమ బయటికి పోయి మెరుపు తిరిగొస్తుంది. ఎక్కువ కొడితే మాత్రం రంగు కారిపోతుంది, చెయ్యి కదుపుతూనే ఉండు.

ఎనామెల్‌ప్రేమి
ఎనామెల్‌కి ఈ గొడవ లేదు. ఊరికే అన్నా.

తడిపొర
ఎనామెల్‌కి ఆరే గొడవ ఉంది కదన్నా, నాలుగో రోజు పట్టుకున్నా వేలిముద్ర పడుతుంది 😀

ఎనామెల్‌ప్రేమి
అందుకే ముక్కు పెట్టి వాసన చూడాలి. థిన్నర్ వాసన రవ్వంత వచ్చినా లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టు. వాసన పూర్తిగా పోయాకే పట్టుకోవాలి, అంతకుముందు మూతపెట్టిన డబ్బాలో పెట్టి మర్చిపోవాలి. ఓపిక లేనివాళ్ళకి ఎయిర్‌బ్రష్షే కరెక్టు.

చిన్నచక్రం
ఒట్టి థిన్నర్ ఐడియా భయపడుతూ చేశా, నిజంగానే పొగ పోయింది. తడిపొర గారూ థాంక్స్. ఇప్పుడు చెక్క. చక్రాల స్పోకులు, డ్రైవర్ ముందు ఉన్న చెక్క పలక, కాయిల్ పెట్టె (ఇంజిన్‌కి నిప్పురవ్వ ఇచ్చే కాయిళ్ళు ఉండేది). స్పోకులకి లేత చెక్క రంగు వేసి వార్నిష్ లుక్ ఇద్దామా?

పాతబండి
స్పోకులకి వద్దు. టీ చక్రాలు చెక్కవే, పన్నెండు స్పోకులు, కానీ ఫ్యాక్టరీ వాటి మీద రంగు వేసే పంపేది. వార్నిష్ కొట్టిన చెక్క చక్రాలు రెస్టోర్ చేసేవాళ్ళకి ఇష్టమై చేసుకున్నవే ఎక్కువ. నీలమే వెయ్యి. ముందు పలక, కాయిల్ పెట్టె మాత్రం చెక్కే, వాటి మీద నీ సరదా తీర్చుకో.

రేకుదీపం
ఆ పలకకి నా పద్ధతి: కింద లేత ఇసక రంగు యాక్రిలిక్, అది బాగా ఆరాక ట్యూబు ఆయిల్ పెయింటు బర్న్‌ట్ అంబర్ మిరియపు గింజంత తీసుకుని మొత్తం పూసెయ్. ఐదు నిమిషాలాగి అరిగిపోయిన గట్టి బ్రష్ ఒకటి పొడిగా తీసుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకే దిక్కులో లాగు, మధ్యలో ఆపకు, చెయ్యి కొంచెం వణికితే ఇంకా మంచిది, చెక్క నార గీతలు సరిగ్గా అలాగే ఉంటాయి. మొదటి లాగుడుకి గజిబిజిగా ఉంటుంది, బ్రష్‌ని గుడ్డకి తుడుచుకుంటూ మళ్ళీ లాగితే ఎక్కువైన రంగు లేచొచ్చి కింద ఇసక రంగు సన్నటి గీతల్లో బయటపడుతుంది. నచ్చకపోతే తుడిచేసి మళ్ళీ పూసుకోవచ్చు, ఆయిల్ కాబట్టి తొందరేం లేదు. ఆరాక క్లియర్ ఆరెంజ్ పల్చగా ఒక పొర, పాత వార్నిష్ రంగు దిగుతుంది.

కొత్తపిన్ను
ఇదంతా సీటు వెనక, బానెట్ కింద కనిపించకుండా పోయే ముక్క కోసం 😐

రేకుదీపం
రోడ్‌స్టర్ రా బాబూ, పైకప్పు మడిస్తే అంతా కనిపిస్తుంది.

చిన్నచక్రం
టైర్లు కిట్‌లో నల్ల వినైల్‌వి ఇచ్చారు. అలాగే వదిలెయ్యొచ్చా?

పాతబండి
రబ్బరు పుట్టుకతో నలుపు కాదు, పాలిపోయిన తెలుపు. జింక్ ఆక్సైడ్ కలిపితే ఇంకా తెల్లబడేది. కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదల బాగా తగ్గుతుందని తెలిశాకే నల్ల టైర్లు మొదలయ్యాయి. మిషెలిన్ టైర్ల బొమ్మ మనిషి తెల్లగా ఉండేది అందుకే, అతను పుట్టింది 1898లో. 1913 బండికి లేత బూడిద, అంచున రోడ్డు తగిలే చోట కాస్త మట్టి రంగు. ముదురు నీలం బండికి అవి పెట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది ఆ కాలం ఎలా ఉందో.

కత్తిపదును
వినైల్ మీద ఎనామెల్ వేశావంటే ఏళ్ళు గడిచినా జిగటగానే ఉంటుంది, యాక్రిలిక్ వెయ్యి. టైరుని ముందు సబ్బుతో కడిగి, 600 సాండ్ పేపరుతో మెరుపు తీసెయ్. ఇంకో ముఖ్యమైనది, మెత్తటి వినైల్‌లో ఉండే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికొచ్చి ప్లాస్టిక్ రిమ్ముని తినేస్తుంది, కొన్నేళ్ళకి టైరు తీస్తే రిమ్ము కరిగి అంటుకుపోయి ఉంటుంది. రిమ్ము చుట్టూ, టైరు తగిలే గాడిలో, సన్నటి అల్యూమినియం ఫాయిల్ అంటించి ఆపైన టైరు ఎక్కించు.

రంగులరాట్నం
విండ్‌షీల్డ్ అద్దానికి సూపర్ గ్లూ వాడకు, పొగ పట్టి తెల్లబడిపోతుంది. తెల్ల జిగురు, ఆరాక కనపడదు. మెరుపు వాదన ఓడిపోయాను కాబట్టి కనీసం ఇదైనా నేను చెప్పాలి.

పాతబండి
ఓడిపోవడం ఏముంది, నీ 1957 బండ్ల ముందు నా షెల్ఫ్ వెలవెలబోతుంది.

చిన్నచక్రం
క్లియర్ కోట్ ఒకటే కొట్టా, ఆపేశా. సీట్లు నలుపు తోలు, శాటిన్, ముడతల్లో బ్రౌన్ వాష్ (బాగా పల్చన చేసిన రంగు). టాపు గుడ్డకి పూర్తిగా మ్యాట్. మెరిసేది, సగం మెరిసేది, మెరవనిది పక్కపక్కన ఉంటే నీలం ఇంకా బాగా తెలుస్తోంది, పాతబండి గారు చెప్పింది ఇప్పుడు కంటికి కనిపిస్తోంది. ఇత్తడి రేడియేటర్ పెట్టా, పసుపు కొంచెం ఎక్కువైందా అని డౌటు, ఫొటో పెడుతున్నా. ఇంకొక్క పని మిగిలింది, హెడ్‌లైటు అంచుకి ఇత్తడి గీత, వెనకంతా నలుపు. గుండ్రటి అంచుకి టేపు వంకర తిరగడం లేదు, ముడతలు పడుతోంది.

రేకుదీపం
ఫొటో చూశా, పసుపు సరిపోయింది, మూలల్లో టమియా ఎక్స్-19 స్మోక్ పల్చగా తగిలిస్తే కొత్తదనం కాస్త తగ్గుతుంది. రేడియేటర్ మీద ఫోర్డ్ అక్షరాల చుట్టూ కూడా.

తడిపొర
వంకరకి వెడల్పు టేపు ఎప్పటికీ తిరగదు. గాజు మీద టేపు అంటించి కొత్త బ్లేడుతో 1 మిల్లీమీటరు పట్టీలు కోసుకో, అవి మెల్లగా సాగి తిరుగుతాయి. అసలు హెడ్‌లైటుకి ఇంకా సులువు ఉంది. ముందు మొత్తం ఇత్తడి చేసెయ్, బాగా ఆరనివ్వు, తర్వాత అంచు మాత్రం టేపు పట్టీతో కప్పి వెనకంతా నలుపు కొట్టు, లోపలి గిన్నెకి ఆఖర్న వెండి రంగు బ్రష్‌తో. టేపు తీసేటప్పుడు నలుపు ఇంకా కొంచెం మెత్తగా ఉండగానే, దాని మీదకే మడిచి వెనక్కి లాగు, పైకి లాగకు.